చిటికెనవేలి వైపు నుంచి

27 జనవరి 1978, శుక్రవారం

మూడో వారం కూడా తాడు తెగింది.

రియామ్ మలుపు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న నల్లరాయి. ఉదయం ఆరున్నరకు తాడు వేశాం. ఎర కవళ్ల చేపలు, సగానికి కోసినవి. లోతు తొమ్మిది బారలు. ఏడు దాటాక రెండు పొడుపులు, ఆ వెంటనే బరువు. ఒకటిన్నర బార లాగగలిగాను. ఆపైన రాయిని లాగినట్టే ఉంది. తెగిన చివర నున్నగా లేదు, అరిగి గరుకుగా ఉంది. పళ్లు కొరికింది కాదు, రాయి కోసింది. చేపను ఇక్కడి అరబ్బులు హమూర్ అంటారు. మన బొంత జాతి. కన్నంలోకి దూరి మొప్పలు విప్పుకుని కూర్చుందంటే మనిషి బలం చాలదు. మొదటి రెండు బారల్లోనే తేల్చుకోవాలి.

భూమయ్య నవ్వుతున్నాడు. "మా చెరువుల కొర్రమట్ట గూడ గింత సతాయియ్యది సారూ." సైట్‌లో గోడ కట్టేటప్పుడు తాపీ చేతిలో ఉంటే మాట్లాడనే మాట్లాడడు. శుక్రవారం వస్తే ఆగడు. జగిత్యాల పక్క చెరువుల్లో కప్పను ఎర వేసి పెరిగిన చెయ్యి. కొర్ర పొడవగానే తాడు వదిలి, అది మింగేదాకా ఆగి, అప్పుడు గుంజుతారట. ఇక్కడ అలా వదిలితే చేప కన్నంలోకి పోతుందని వందసార్లు చెప్పాను.

కంపెనీ క్యాంప్ రిజిస్టర్‌లో అతను బయటికి వచ్చిన కారణం 'బజారు' అని రాసి, టైమ్ కీపర్‌గా నేనే సంతకం చేశాను. నిరుడు ఒకతను మునిగిపోయినప్పటి నుంచి లేబర్‌ను సముద్రం దగ్గరికి తీసుకెళ్లకూడదని ఆర్డరు ఉంది. భూమయ్యకు ఈత వచ్చు.

3 ఫిబ్రవరి, శుక్రవారం

మత్రా సూక్ బజారులో ఖాదర్ గాలాల దుకాణం. గంటసేపు చూశాను.

ఉక్కు తీగ వద్దనుకున్నాను. ఒకసారి మెలిక పడితే అక్కడే విరుగుతుంది, పైగా నీళ్లు తేటగా ఉన్నాయి కాబట్టి చేపకు కనబడుతుంది. కాకినాడలో వాడిన నూలుతాడు ఖాదర్ దగ్గర ఉంది, కానీ ఈ రాయికి రెండు వారాలు కూడా ఆగదు. నూట ఇరవై పౌన్ల బరువు ఆపే నైలాన్ తీసుకున్నాను. కొక్కెం దగ్గర ఒక బార పొడవు రెండు పేటలు. కొక్కెం పెద్దది, ఎనిమిది సున్నా నంబరు, ముల్లు ఆకురాయితో పదును పెట్టాను. సీసం గుండును మాత్రం కుట్టుదారంతో కట్టాలి. రాళ్లలో ఇరుక్కుంటే అదొక్కటే తెగిపోతుంది, మిగతాది చేతికొస్తుంది.

ఖాదర్ అన్నాడు: "ఇది తెగదు సార్. మనిషే నీళ్లలోకి పోతాడు."

భూమయ్యకు తాడు పట్టడం చూపించాను. త్వరగా పట్టుకున్నాడు.

10 ఫిబ్రవరి, శుక్రవారం

అర్థం కాలేదు.

నా తాడుకే పడింది. లాగేలోపే కన్నంలోకి దూరింది. కొత్త తాడు తెగలేదు, చేపా రాలేదు. పావుగంట లాగాను. భూమయ్య నా చేతిలోంచి తాడు తీసుకుని మొత్తం వదులు చేశాడు. వద్దన్నాను. వినలేదు. రాయి మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"దానికి మనం పోయినమని అనిపియ్యాలె సారూ. గుంజుతుంటే అదెందుకు బయటికొస్తది?"

బీడీ సగమయ్యాక తాడు తనంతట తాను కదిలింది. అప్పుడు గుంజాడు. నాలుగు కిలోలుంటుంది. ముదురు మచ్చలు, నోట్లో నా పిడికిలి పడుతుంది.

ముప్ఫై ఏళ్లుగా గాలం వేస్తున్నాను. వదలకూడదని నేర్చుకున్నాను, అదే నేర్పాను. వదిలినవాడికి పడింది. కాకతాళీయం కావచ్చు. ఒక్క చేపతో ఏదీ రుజువు కాదు.

17 ఫిబ్రవరి, శుక్రవారం

గాలి. వెళ్లలేదు.

24 ఫిబ్రవరి, శుక్రవారం

రెండు చిన్నవి. రెంటినీ మొదటి రెండు బారల్లోనే తెచ్చాను. పద్ధతి నాదే సరైనది. భూమయ్యకు మళ్లీ చెప్పాను: ముందు వదలకూడదు. కన్నంలోకి పోయిందనుకో, అప్పుడు వదులు. "రెండూ నీవేనా సారూ?" అని నవ్వాడు.

మా ఆవిడ శేషుకుమారి వీసా కాగితాలు మేనేజర్ విశ్వేశ్వరరావు గారి బల్ల మీదికి వెళ్లాయి. మే నెలకు అవుతుందన్నారు.

10 మార్చి, శుక్రవారం

భూమయ్య చెయ్యి తెగింది. కుడి చెయ్యి. ఆస్పత్రిలో ఉన్నాడు.

11 మార్చి, శనివారం

పత్రికలో పన్నెండేళ్లు ప్రమాదాలు రాశాను. దీన్నీ అలాగే రాస్తాను.

సమయం ఏడుంపావు. నేను ఎర కోస్తున్నాను, తల వంచి ఉంది. భూమయ్య నాకు ఎడమ పక్కన, పది అడుగుల దూరంలో, నీటికి దగ్గరగా. "సారూ" అన్నాడు. తలెత్తేసరికి అతని చెయ్యి ముందుకు సాగి ఉంది. నేను "వదలకు" అన్నాను. రెండు అడుగులు జారాడు. మోకాలు రాళ్ల మధ్య ఇరుక్కుని ఆగాడు. తాడు అరచేతికి రెండు చుట్లు ఉంది. వదలాలన్నా అతని చేతిలో లేదు. కత్తి నా చేతిలోనే ఉంది. తాడు కోశాను. ఎంతసేపట్లో కోశానో తెలియదు. పది క్షణాలు అనుకుంటున్నాను.

తాడు తెగలేదు, ముడి ఊడలేదు, కొక్కెం వంగలేదు. అన్నీ చూసి చూసి ఎంచాను. ఇవేవీ తెగకపోతే తెగేదేమిటని మాత్రం అడగలేదు.

డాక్టరు చెప్పింది: ఉంగరపు వేలు, చిటికెనవేలు మూసే నరాలు కోసుకుపోయాయి. కుట్టారు. మూడు వారాలు కట్టు. ఆ తర్వాతే చెప్పగలరు.

తాడు చుట్టుకున్నది అతనే.

12 మార్చి, ఆదివారం

ఫోర్‌మన్ ఖమరుద్దీన్ ఆస్పత్రికి వచ్చి వాంగ్మూలం రాసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"సముద్రానికి ఎందుకు పోయినవ్‌రా?"

"నాకే బుద్ధి పుట్టింది. సార్‌ను నేనే బతిమాలి తీస్కపోయిన."

"తాడు చేతికి ఎందుకు చుట్టుకున్నవ్? ప్రసాద్ సాబ్ చెప్పలేదా నీకు?"

"చెప్పిండు. చుట్టుకోవద్దన్నడు. నేనే ఇనలే."

ఖమరుద్దీన్ నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. భూమయ్య ఎడమ బొటనవేలితో ముద్ర వేశాడు.

13 మార్చి, సోమవారం

చుట్టుకోవద్దని చెప్పాను. చెప్పే ఉంటాను. గాలం పట్టే ప్రతివాడికీ మొదట చెప్పే మాట అది.

15 మార్చి, బుధవారం

ఎప్పుడు చెప్పానో గుర్తు రావడం లేదు. ఫిబ్రవరి పేజీలు తిరగేస్తే తెలుస్తుంది. తిరగేయలేదు. డ్యూటీ ఎక్కువగా ఉంది.

16 మార్చి, గురువారం

మధ్యాహ్నం టీ దగ్గర ఖమరుద్దీన్ చెప్పాడు. "సొంత తప్పు అని రాసినం కదా ప్రసాద్ సాబ్, కట్టు ఇప్పినంక ఊరికి టికెట్ కొట్టిస్తరు. తాపీ పట్టని మేస్త్రీని కంపెనీ ఏం చేస్కుంటది? మంచి చెయ్యి. నేను చూసిన మేస్త్రీలల్ల వాడంత సీదా గోడ పెట్టినోడు లేడు."

భూమయ్యకు తాపీ తప్ప ఇంకో పని రాదు.

17 మార్చి, శుక్రవారం

ఆస్పత్రి. భార్య గౌరవ్వకు ఉత్తరం రాయమన్నాడు. అతని ఇంటికి వెళ్లే ఉత్తరాలు ఏడాదిగా నేనే రాస్తున్నాను.

"బాగున్నా అని రాయి. వానలు పడ్డయా అని అడుగు."

"మార్చిలో వానలేమిటయ్యా?"

"అడగాల్సినవన్నీ అడిగినం గద. ఇంకేం మిగిలింది?"

"చెయ్యి సంగతి రాయనా?"

"వద్దు. చేపల సంగతి గూడ వద్దు. శుక్రారం శుక్రారం గుడికి పోతున్న అని చెప్పిన."

రాశాను. మడిచేముందు అడిగాను. "భూమయ్యా, తాడు చుట్టుకోవద్దని నేను నిజంగా చెప్పానా?"

"చెప్పినవ్ సారూ."

"ఎప్పుడు?"

"ఏమో. ఎప్పుడో చెప్పినవ్. అన్నీ చెప్తనే ఉంటవ్ గద."

కళ్లు కట్టు మీదే ఉన్నాయి. అబద్ధం చెబుతున్నాడా, నిజంగానే అలా అనుకుంటున్నాడా? నేను చెప్పానని అతనంటున్నాడు, నేనూ అనుకుంటున్నాను. ఇద్దరు ఒకే మాట అంటే దాన్ని వార్తగా వేసేవాళ్లం. కానీ ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే.

20 మార్చి, సోమవారం

ఫిబ్రవరి పేజీలు తిరగేశాను. మూడో తేదీ: 'భూమయ్యకు తాడు పట్టడం చూపించాను. త్వరగా పట్టుకున్నాడు.' ఎలా పట్టాలని చూపించానో రాయలేదు. కొక్కెం నంబరు రాశాను, తాడు పౌన్లు రాశాను, ఖాదర్ అన్న మాట రాశాను. ఇది రాయలేదు.

24 మార్చి, శుక్రవారం

ఒక్కడినే రాయి దగ్గరికి వెళ్లాను. తెలుసుకోవడానికే. చేప కోసం కాదు.

ఎర పెట్టకుండా గుండు మాత్రం దించాను. చేతులు ఎలా పడితే అలా పట్టనిచ్చాను. కాసేపు అటూ ఇటూ చూస్తూ కూర్చుని, కిందికి చూసుకున్నాను. తాడు నా కుడి చేతికి రెండు చుట్లు ఉంది. ఎప్పుడు చుట్టుకున్నానో తెలియలేదు.

విప్పి, మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అంతే.

అలా చుట్టడం కాకినాడ జగన్నాథపురంలో జాలరి గంగన్న నాకు నేర్పాడు. పడవ మీద ముప్ఫై ఏళ్లు అతను వాడింది నూలుతాడు. తడిసిన నూలు చర్మం మీద పట్టి ఆగుతుంది. చెయ్యి తెరిస్తే జారిపోతుంది. దాంతో ఎవరి చెయ్యీ తెగినట్టు నేను వినలేదు. నైలాన్ అలా కాదు. లాగితే సాగుతుంది, సాగితే సన్నబడుతుంది, సన్నబడితే దిగుతుంది. ఇది నాకు తెలుసు. దుకాణంలో గంటసేపు నిలబడి ఆలోచించింది దీని గురించే. తాడు మార్చాను. పట్టు మార్చలేదు.

అయినా ఇది నా చెయ్యి సంగతి. నేను చుట్టుకుంటానని తెలిసింది. అతనికి నేర్పానని తెలియలేదు. చెరువు గాలానికి కట్టె ఉంటుంది, తాడు చేతికి చుట్టే పని లేదు. మరి అతనికి ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? నన్ను చూసి నేర్చుకుని ఉండొచ్చు. నేను చుట్టుకుంటూనే అతన్ని వద్దని ఉండొచ్చు. మనుషులు అలా చేస్తారు.

26 మార్చి, ఆదివారం

వద్దన్నాను.

27 మార్చి, సోమవారం

నిన్న రాసిన దానికి ఆధారం లేదు.

31 మార్చి, శుక్రవారం

కట్టు విప్పారు. దగ్గరే ఉన్నాను.

ముందు అరచెయ్యి చూపించాడు, కుట్లు చివరి రెండు వేళ్ల మొదట్లో ఉన్నాయి. తర్వాత తిప్పి పెట్టాడు. చేతి వెనక రెండు గీతలు ఉన్నాయి, ఇంకా ఎర్రగా. చిటికెనవేలి పక్క అంచు దగ్గర లోతుగా మొదలై, వెనకనుంచి ఏటవాలుగా ఎక్కి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తేలిపోయాయి. బొటనవేలి మీద గీత లేదు.

డాక్టరు మందు రాస్తుంటే దూది కట్టకు ఉన్న తాడు తీసుకుని నా చేతికి చుట్టి చూశాను. తర్వాత కాంపౌండరును చుట్టమన్నాను. అతను బొటనవేలి వైపు నుంచి చుట్టాడు. బయట వరండాలో ఇద్దరిని అడిగాను. వాళ్లూ అంతే. ఊరికే చుట్టమంటే ఎవరి చెయ్యయినా అటే పోతుంది. చిటికెనవేలి వైపు నుంచి మొదలుపెట్టి, బొటనవేలిని ఖాళీగా వదిలి, దాంతో తాడును నొక్కి ఆపడం గంగన్న పట్టు. ఊరికే చూస్తే రాదు. చూసినవాడు ఎదురుగా నిలబడతాడు కాబట్టి తిరగేసి నేర్చుకుంటాడు. నాకు రావడానికి గంగన్న నా వెనక నిలబడి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని చుట్టాల్సి వచ్చింది.

ఫిబ్రవరి మూడున నేను భూమయ్య వెనక నిలబడ్డాను. నిలబడే ఉండాలి. గుర్తు రావడం లేదు, కానీ గీతలు అక్కడ ఉన్నాయి.

వద్దని కూడా అన్నానా? అనుంటే ఎందుకు అన్నాను, నేనే నేర్పాక?

చెయ్యి మూయమన్నాడు డాక్టరు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వంగాయి. మిగతా రెండు నిలబడి ఉన్నాయి. భూమయ్య వాటిని చూసి అన్నాడు: "ఇవి మీ కాకినాడ దిక్కోళ్ల లెక్క ఉన్నయ్ సారూ. చెప్తే ఇనవు."

2 ఏప్రిల్, ఆదివారం

వాంగ్మూలం రాశాను. ఒక పేజీ. నేనే తీసుకెళ్లాను, రిజిస్టర్‌లో అబద్ధం నేనే రాశాను, తాడు నేనే ఎంచాను, చుట్టడం నేనే నేర్పాను. విశేషణం ఒక్కటీ లేదు.

ఇస్తే ఏమవుతుందో తెలుసు. స్టాఫ్ మనిషి ఆర్డరు మీరి తీసుకెళ్తే బాధ్యత కంపెనీది. భూమయ్యను పంపడానికి వీల్లేదు. నన్ను ఉంచడానికి వీల్లేదు.

శేషుకుమారి రెండు పెట్టెలు కొన్నానని రాసింది.

3 ఏప్రిల్, సోమవారం

ఇచ్చేముందు భూమయ్యకు చదివి వినిపించాను. అతని రూమ్‌లో, మంచం మీద కూర్చుని. మెచ్చుకుంటాడనుకున్నాను. అనుకున్నానని ఒప్పుకోవాలి.

"గిది ఎవలు రాయమన్నరు నిన్ను?"

"ఇది నిజం భూమయ్యా."

"నిజమైతే అయింది. నేను ఏలిముద్ర ఏసి చెప్పిన మాట అబద్ధమైతది గదా. అబద్ధం చెప్పినోన్ని ఉంచుకుంటరా? స్టాఫ్ మీద చెప్పినోడు ఇప్పటిదాంక ఒక్కడన్న మిగిలిండా ఈ క్యాంప్ల?"

"చెప్పేది నువ్వు కాదు. నేను."

"నీకు నిద్ర పడ్తలేదు. గందుకు చెప్తవ్. నాకు పడ్తున్నది."

తర్వాత మెల్లగా అన్నాడు. "నువ్వు పోతే గౌరవ్వకు ఉత్తరం ఎవలు రాస్తరు? గీ రూమ్ల అందరికి అందరం ఏలిముద్రగాళ్లమే."

అది ఎగతాళా, నిజంగా అడిగాడా? తెలియలేదు. కాగితం తిరిగి జేబులో పెట్టుకున్నాను. అతను చెప్పింది నిజమైతే, ఇది ఇవ్వడం అతనికి చేటు. నేను లెక్కవేసింది నిజమైతే, ఇవ్వకపోవడం చేటు. నాకు నిద్ర పట్టడం లేదన్నది మాత్రం నిజం.

4 ఏప్రిల్, మంగళవారం

ఇవ్వలేదు.

5 ఏప్రిల్, బుధవారం

భూమయ్య టికెట్ పదకొండో తేదీకి రాసినట్టు నోటీసు బోర్డు మీద ఉంది. పేరు పక్కన 'సొంత నిర్లక్ష్యం' అని ఉంది. నేను ఆఫీసుకు నడిచి వెళ్లి కాగితం విశ్వేశ్వరరావు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. భూమయ్య వాంగ్మూలం తీసి పక్కన పెట్టారు.

"ప్రసాద్ గారూ, ఇవి రెండూ నా ఫైల్లో ఉండటానికి వీల్లేదండీ. అతను మీరు వద్దన్నారంటున్నాడు. మీరు నేనే నేర్పానంటున్నారు. మీరు చదువుకున్నవారు, పత్రికలో పనిచేశారు. ఏది ఉంచమంటారు?"

"నాది."

"అతని మీద జాలితో రాశారేమోనని అడుగుతున్నాను. మీ ఆవిడ వీసా ఈ వారంలో సంతకానికి వస్తుంది. తెలుసు కదా?"

"తెలుసండీ. అతని చెయ్యి చూడండి. గీతలు చిటికెనవేలి వైపు నుంచి ఉన్నాయి. ఆ చుట్టు నేర్పితే తప్ప రాదు. నేర్పగలిగినవాణ్ణి ఇక్కడ నేనొక్కణ్ణే."

"వద్దని అన్నారా, లేదా? అది చెప్పండి చాలు."

"అది నాకు తెలియదు. తెలిసింది మాత్రమే రాశాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, భూమయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చింపారు. "వీసా కాగితాలు వెనక్కి తీసుకోండి," అన్నారు.

8 ఏప్రిల్, శనివారం

నోటీసు బోర్డు మీద భూమయ్య పేరు కొట్టేశారు. నా పేరు రాశారు. ఇరవై ఎనిమిదో తేదీ. అతనికి గోడలు తడిపే పని ఇచ్చారు, ఎడమ చేత్తో నీళ్ల పైపు.

నాతో మాట్లాడటం లేదు. అబద్ధం చెప్పించినవాడు సారు, బయటపెట్టినవాడూ సారేనని రూమ్‌లో అంటున్నారట. అందులో తప్పేమీ కనబడలేదు. మొదటిది పూర్తిగా నిజం కాదు. పూర్తిగా అబద్ధమూ కాదు.

శేషుకుమారికి ఏం రాయాలో తేలలేదు.

14 ఏప్రిల్, శుక్రవారం

సముద్రం వైపు వెళ్లలేదు.

26 ఏప్రిల్, బుధవారం

సైట్‌లో హాజరు పట్టీ అప్పగించాను. కొత్త టైమ్ కీపర్ వచ్చాడు. మధ్యాహ్నం కిందికి దిగుతుంటే రెండో అంతస్తులో ఖమరుద్దీన్ కేకేశాడు. మూలగదిలో చిన్న అడ్డుగోడ ఉంది, నడుమెత్తు. భూమయ్యను దాని ముందు నిలబెట్టి, చేతికి తాపీ ఇచ్చాడు.

"పట్టు చూద్దాం. పడేస్తే పడేస్తివి."

భూమయ్య పట్టాడు. మూడు వేళ్లు మూసుకున్నాయి. రెండు పిడికి అవతల నిలబడి ఉన్నాయి. సిమెంటు ఎత్తాడు. మొదటిసారి సగం కింద పడింది. రెండోసారి పిడిని మధ్యవేలికి దగ్గరగా జరుపుకున్నాడు. పరిచాడు. అంచు గీశాడు. ఇదివరకటి కంటే నెమ్మది, ఇదివరకటంత సమం.

ఖమరుద్దీన్ లెవల్ పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "మూడు వేళ్లు చాలు," అని కింది అంతస్తుకు వెళ్లిపోయాడు.

మేమిద్దరమే మిగిలాం. బ్లాకులు గుమ్మం అవతల పేర్చి ఉన్నాయి. ఆ చేత్తో అతను వాటిని ఎత్తలేడు. మనిషి సాయం కావాలి, అక్కడ ఇంకెవరూ లేరు.

"భూమయ్యా," అన్నాను. "వద్దని అన్నానా, లేదా? ఎల్లుండి వెళ్లిపోతున్నాను. ఇప్పుడు నీకు ఏ నష్టమూ లేదు. ఒక్కసారి చెప్పు."

అతను గోడ వైపే చూస్తున్నాడు. పరిచిన సిమెంటు ఆరిపోతోంది.

"సారూ, గదంత ఎందుకిప్పుడు," అన్నాడు. "బ్లాక్ అందియ్యి."

చేతుల్లో ఉన్న కాగితాలు కింద పెట్టి అందించాను. తర్వాత ఇంకొకటి అడిగాడు.